బడి గంట మోగిన తరువాత

(సమితి వార్షికోత్సవ సభలో యువసభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలలో కుర్చీలు ఖాళీగా ఉన్నప్పటికీ వెనుక గోడకు ఆనుకొని నిలుచున్న చిరంజీవులకు ఆశీస్సులు. ఈ ప్రసంగం ముఖ్యంగా మీకోసమే కనుక, దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. పది నిమిషాలలో ముగిస్తానని అధ్యక్షులవారికి మాట ఇచ్చాను గాని, ఆ మాట నిలుపుకోగలనన్న నమ్మకం నాకే లేదు.

నాకు ఇచ్చిన విషయం "బడి వెలుపలి విద్య, యువతరం సామాజికీకరణ". సామాజికీకరణ అన్న పదం శాస్త్రగ్రంథాలలో బరువుగా వినిపిస్తుంది. మన అమ్మమ్మలకు దీనికి తేలికైన మాట ఉండేది. నలుగురిలో మెలగడం అనేవారు. "వాడికి చదువు వచ్చింది గాని నలుగురిలో మెలగడం రాలేదు" అంటే అంతకు మించిన విమర్శ మరొకటి ఉండేది కాదు. చదువు బడిలో వస్తుంది. మెలగడం ఎక్కడ వస్తుంది? ఈనాటి ప్రశ్న అదే.

సంస్కృతంలో ఒక పాత సుభాషితం ఉన్నది. విద్యను అది నాలుగు పాదాలుగా విభజిస్తుంది. ఒక పాదం గురువు వద్ద నుండి వస్తుందట. ఒక పాదం తన సొంత బుద్ధి వల్ల వస్తుంది. ఒక పాదం తోటి విద్యార్థుల వద్ద నుండి వస్తుంది. మిగిలిన పాదం కాలక్రమాన పక్వానికి వస్తుంది. గురువుకు ఎంతో ఉన్నత స్థానం ఇచ్చిన సంప్రదాయమే, విద్యలో ఆయన వాటా పావు భాగమని లెక్క కట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగిస్తుంది. తోటివారికి కూడా సరిగ్గా అంతే వాటా ఇచ్చింది. మనం మాత్రం ఫీజు మొత్తాన్ని మొదటి పాదానికే కట్టి, తక్కిన మూడింటినీ వాటి మానాన వదిలివేస్తున్నాము.

ఆధునిక విద్యావేత్తలు ఈ సంగతిని ఆలస్యంగానైనా గుర్తించారు. 1974లో ఫిలిప్ కూంబ్స్, మంజూర్ అహ్మద్ అనే ఇద్దరు పరిశోధకులు గ్రామీణ పేదరికంపై ప్రపంచ బ్యాంకు కోసం రాసిన గ్రంథంలో విద్యను మూడు విధాలుగా విడదీశారు. తరగతులు, పరీక్షలు, పట్టాలతో నడిచేది ఒకటి. బడికి వెలుపల ఒక ప్రయోజనం కోసం కూడి నేర్చుకొనేది రెండవది. పుట్టినది మొదలు ఇంటా వీధిలో పనిలో ఆటలో తెలియకుండానే అబ్బేది మూడవది. మన శుక్రవారపు తరగతి, భజన, కోలాటం రెండవ కోవకు చెందుతాయి. మూడవ దాని గురించి నేను కొంచెం ఎక్కువ మాట్లాడవలసి ఉన్నది, ఎందుకంటే ఈ దోహా నగరంలో మనకు తక్కువైనది అదే.

నేను పెరిగిన పల్లెలో వీధి అరుగు ఒక పాఠశాల. అక్కడ పాఠాలు చెప్పేవారు ఎవరూ లేరు, వినని పిల్లలూ లేరు. పెద్దలు పొలం తగాదాలు మాట్లాడుకుంటూ ఉంటే, మేము గోళీలాడుతూనే ఎవరికి ఎవరితో మాటలు లేవో, ఎవరి ముందు ఏ ప్రస్తావన తేకూడదో నేర్చుకున్నాము. రామమందిరంలో రాత్రి భజనకు వెళితే తాళం పట్టడం ఒక్కటే కాదు, పక్కవాని గొంతు లేచినప్పుడు మన గొంతు తగ్గించడం కూడా తెలిసేది. ఆ రోజుల్లో ఎవరైనా దీనికి సిలబస్ రాసి ఉంటే మేము తప్పకుండా ఎగవేసేవాళ్ళము.

దోహాలో వీధి లేదు. రోడ్లు ఉన్నాయి, చాలా మంచి రోడ్లు ఉన్నాయి. ఆ రోడ్డు మీద మీరు ఒంటరిగా నడిచినది ఎన్నిసార్లు? ఇంటి లిఫ్టు నుండి కారు, కారు నుండి బడి, బడి నుండి ట్యూషన్, ట్యూషన్ నుండి మాల్. వేసవిలో జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 గంటల నుండి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించరాదని ఈ దేశపు చట్టమే చెబుతున్నది. అంత ఎండలో పిల్లలను వీధిలో ఆడుకోమని ఎవరు అనగలరు? కనుక తప్పు మీది కాదు, మీ తల్లిదండ్రులది కూడా కాదు. అయితే తప్పు ఎవరిదీ కానంత మాత్రాన లోటు లేకుండా పోదు. ఆ లోటు ఎటువంటిదో మా ఇంట జరిగిన ఒక సంగతి చెప్పి వివరిస్తాను. ఈ సంగతి చెప్పడానికి నా కుమారుని అనుమతి తీసుకున్నాను. "పేరు చెప్పవద్దు" అన్నాడు. ఇక్కడ అందరికీ తెలుసునన్న సంగతి పాపం వాడికి తట్టలేదు.

వాడు ఇక్కడే పుట్టి, పన్నెండవ తరగతి వరకు ఇక్కడే చదివి, ఇంజనీరింగు కోసం ఆంధ్రదేశంలోని ఒక కళాశాలలో చేరాడు. మొదటి సంవత్సరం చలికాలంలో ఒక రాత్రి పదకొండు గంటలకు ఫోను చేశాడు. గదిలో ఉండే స్నేహితుని తండ్రి పల్లెలో హఠాత్తుగా మరణించాడు. తక్కిన మిత్రులందరూ రాత్రి బస్సుకు బయలుదేరుతున్నారు. మావాడు అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "నాన్నగారూ, నేను కూడా వెళ్ళాలా? వెళ్ళి ఏమి మాట్లాడాలి? చెప్పులు ఎక్కడ విడవాలి? వాళ్ళ అమ్మగారి దగ్గరికి వెళ్ళవచ్చునా? అక్కడ ఏమైనా తినవచ్చునా?"

వాడు గణితంలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడు. నాలుగు భాషలు మాట్లాడతాడు. పద్దెనిమిదేళ్ళ వయస్సులో, చావు జరిగిన ఇంటి గుమ్మంలో ఎలా నిలబడాలో వాడికి తెలియదు. ఎలా తెలుస్తుంది? మా నాన్నగారు పోయినప్పుడు నేను ఒక్కడినే విమానం ఎక్కాను. వాడికి అప్పుడు అర్ధసంవత్సర పరీక్షలు. మా అత్తగారు పోయినప్పుడు మా ఆవిడ ఒక్కతే వెళ్ళింది. వాడి దృష్టిలో మరణం అంటే తెల్లవారుజామున మోగే ఫోను, ఆ తరువాత రెండు వారాలు ఇంట్లో ఒకరు లేకపోవడం. ఈ హాలులో కూర్చున్న పిల్లలలో ఎక్కువ మంది అనుభవం ఇదేనని నేను అనుకుంటున్నాను.

"వెళ్ళు. ఏమీ మాట్లాడనక్కరలేదు. అతని పక్కన కూర్చో" అని చెప్పాను. వెళ్ళాడు. రోజంతా కూర్చున్నాడు, మంచినీళ్ళు అందించాడు, షామియానా కింద కుర్చీలు వేశాడు. తిరిగి వచ్చేటప్పుడు మర్యాదగా ఆ తల్లికి నమస్కరించి "వెళ్ళొస్తానండి" అన్నాడు. అక్కడ ఉన్న ముసలావిడ ఒకామె చివ్వున తలెత్తి చూసిందట. చావు ఇంటి నుండి బయలుదేరేటప్పుడు మళ్ళీ వస్తానని అనరాదని బస్సులో మిత్రుడు చెప్పేదాకా వాడికి తెలియదు. నేను ఫోనులో అన్నీ చెప్పాను, ఆ ఒక్క మాట చెప్పలేదు. నాకు అది తెలిసిన విషయం అని కూడా గుర్తు లేదు. మూడవ విధమైన విద్య స్వభావమే అది. తెలిసినవాడికి తనకు తెలుసునని తెలియదు గనుక, దానిని చెప్పి నేర్పడం సాధ్యం కాదు. పక్కన ఉండి చూడవలసిందే.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిని మీలో కొందరు మన తరగతిలో వల్లించారు. చదువు ముగించి ఇంటికి వెళ్ళబోయే శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశం అందులో ఉన్నది. సత్యం, ధర్మం, తల్లిదండ్రులు, అతిథులు, దానం, అన్నిటినీ చెప్పిన తరువాత ఆయన ఒక విచిత్రమైన మాట చెబుతాడు. ఎప్పుడైనా ఏమి చేయాలో, ఎలా నడచుకోవాలో సందేహం వస్తే, ఆ చోట ఉన్న ఆలోచనాపరులు, కాఠిన్యం లేనివారు అటువంటి సందర్భంలో ఎలా నడచుకుంటారో చూసి అలాగే నడచుకో అంటాడు. పన్నెండేళ్ళు వేదం చెప్పిన గురువు, సందేహం వస్తే వేదం తీసి చూడమని చెప్పలేదు. మనుష్యులను చూడమన్నాడు. చూడాలంటే ముందు ఆ మనుష్యులు మన చుట్టూ ఉండాలి కదా! వారిని సమకూర్చడమే మన సమితి వంటి సంస్థల మొదటి పని అని నా అభిప్రాయం. పూజ ఆ పనికి సందర్భం కల్పిస్తుంది.

ఆలయ సమితి అని పేరు పెట్టుకున్న మనకు గోపురం లేదు. ఈ దేశంలో మన ఆరాధన ఇళ్ళలోనే సాగుతున్నది. ఒకరి ఇంటి హాలులో సోఫాలు పక్కకు జరిపి, పటం పెట్టి, దీపం వెలిగించి చేసుకుంటున్నాము. మీలో కొందరు "సొంత భవనం లేనిది ఏమి చేయగలం" అనడం విన్నాను. ఒక చరిత్ర చెబుతాను.

నిజాం పాలనలోని హైదరాబాదులో ఉన్నత విద్యకు, ప్రభుత్వోద్యోగానికి ఉర్దూ భాష ప్రధానం. తెలుగువారు అధిక సంఖ్యలో ఉన్నా తెలుగుకు బడిలో స్థానం స్వల్పం. మీ పరిస్థితికి ఇది కొంత దగ్గరగానే ఉన్నది. బడి భాష వేరు, ఊరి భాష వేరు, ఇంటి భాష వేరు. 1901 సెప్టెంబరు 1న కొందరు రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారి వంటి విద్వాంసులు దాని వెనుక ఉన్నారు. గమనించండి, అది కూడా ఒక ఇంట్లోనే మొదలయింది. కొన్ని పుస్తకాలు, కొన్ని పత్రికలు, సాయంకాలం వచ్చి కూర్చొనే కొందరు యువకులు. బడి ఇవ్వని దానిని బడి వెలుపల సంపాదించుకున్నారు.

ఇరవై సంవత్సరాల తరువాత, 1921 నవంబరులో, హైదరాబాదు వివేకవర్ధిని పాఠశాల ప్రాంగణంలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార మహాసభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోగా సభలోని కొందరు ఈలలు వేసి, గేలి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం సహించలేని తెలుగు యువకులు కొందరు వెంటనే ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘానికి అంకురార్పణ చేశారు. వారి కృషి వల్ల ఊరూరా గ్రంథాలయాలు వచ్చాయి. మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల స్థాపించారు. గేలి చేసినవారిని తిరిగి గేలి చేయడంతో ఆ యువకులు తృప్తి పడి ఉంటే ఇవి ఏవీ ఉండేవి కావు. సంఘం పెట్టడం, నియమావళి రాయడం, చందా వసూలు చేయడం, అభిప్రాయభేదం ఉన్నవానితో కలిసి మరుసటి వారం కూడా కూర్చోవడం, ఇవన్నీ వారు ఏ తరగతి గదిలో నేర్చుకున్నారు? చేస్తూ నేర్చుకున్నారు.

కోస్తా ప్రాంతంలోనూ ఇటువంటి కృషి జరిగింది. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాతూరి నాగభూషణంగారు 1935లో పెదవడ్లపూడి వద్ద కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పుస్తకాలు పాఠకుల కోసం పడవ ఎక్కి ఊళ్ళకు వెళ్ళేవి. ఇప్పుడు ఎడ్యుకేషన్ సిటీలోని ఖతార్ నేషనల్ లైబ్రరీలో ఎస్కలేటరు, స్కానరు, కాఫీ దుకాణం అన్నీ ఉన్నాయి. మీరు అక్కడికి ఎక్కువగా వెళ్ళేది దేనికోసమో నేను అడగను.

పిల్లల కోసం ప్రత్యేకంగా పాటుపడినవారిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల పేరు మీరు తప్పక తెలుసుకోవాలి. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే మీ తాతగార్లకు ఇప్పటికీ ముఖం వికసిస్తుంది. మద్రాసు రేడియో కేంద్రంలో పిల్లల కార్యక్రమాలు నడిపి, 1940 ప్రాంతంలో ఆంధ్ర బాలానంద సంఘం స్థాపించి, 1945లో "బాల" పత్రిక ప్రారంభించారు. అనంతర కాలంలో హైదరాబాదు కేంద్రంగా పనిచేశారు. వారిని పిల్లలు మాస్టారూ అని పిలవలేదు, సార్ అనలేదు. అన్నయ్య అన్నారు. ఆ పిలుపులోనే వారి విద్యావిధానం అంతా ఉన్నదని నేను భావిస్తాను.

పిలుపుల ప్రస్తావన వచ్చింది కనుక ఒక పక్కదారి. మీరు ఈ హాలులో ఉన్న పెద్దలందరినీ అంకుల్, ఆంటీ అంటారు. తప్పు పట్టడం లేదు. కాని తెలుగులో పిన్ని వేరు, అత్తయ్య వేరు. బాబాయి వేరు, మామయ్య వేరు. అత్తయ్య కొడుకుతో పరాచికాలాడవచ్చు. పిన్ని కొడుకు అన్నదమ్ముడు. ఏ పిలుపు ఎవరికి వాడాలో తెలిస్తే ఎవరితో ఎంత చనువు, ఎంత బాధ్యత అన్నది వేరే చెప్పనక్కరలేదు. రక్తసంబంధం లేని చోట కూడా పల్లెలో వరుస కలుపుకొనేవారు. మన సమితి మొదటి సంవత్సరాలలో కూడా అలాగే వరుసలు కలుపుకున్నాము. ఆనాటి పిల్లలు నన్ను పెదనాన్న అనేవారు. వారిలో ఒకమ్మాయి మొన్న కెనడా నుండి పెళ్ళి శుభలేఖ పంపుతూ "పెదనాన్నగారికి" అని రాసింది. అంకుల్ అని పిలిచి ఉంటే శుభలేఖ వచ్చేదేమో గాని, "మీరు రాకపోతే ఊరుకోను" అన్న బెదిరింపు వచ్చేది కాదు.

మనం నివసిస్తున్న ఈ దేశం కూడా ఈ విద్యను ఎరిగినదే. అరబ్బు ఇళ్ళలోని మజ్లిస్ గురించి మీరు విని ఉంటారు. ఇరుగుపొరుగు, బంధువులు చేరి కూర్చొని మంచిచెడ్డలు మాట్లాడుకొనే గది అది. సౌదీ అరేబియా, ఒమన్, ఎమిరేట్స్, ఖతార్ దేశాలు కలిసి ప్రతిపాదించగా 2015లో యునెస్కో దానిని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గదిలో పిల్లలు కూడా ఉంటారు. కాఫీ పోసే పని చిన్నవారికి అప్పగిస్తారు. ఎడమ చేత్తో కూజా, కుడి చేత్తో చిన్న గిన్నె. అతిథి గిన్నెను కొద్దిగా ఊపితే ఇక చాలునని అర్థం. నోటితో చెప్పని మాట వినడం ఆ పిల్లవాడు అక్కడ నేర్చుకుంటాడు. పెద్దల తగవులు ఎలా మొదలై ఎలా సద్దుమణుగుతాయో చూస్తాడు. మా ఊరి అరుగుకు, ఈ మజ్లిస్‌కు తేడా తివాసీ ఒక్కటే.

అలాగే రంజాన్ నెల నడుమ పద్నాలుగవ రాత్రి జరిగే గరంగావ్. పిల్లలు సంప్రదాయ దుస్తులు ధరించి, మెడలో సంచులు వేసుకొని, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగితే గింజలు, మిఠాయిలు పోస్తారు. మన బడిపిల్లలు దసరా రోజులలో పంతులుగారి వెంట గిలకలు, విల్లంబులు పట్టుకొని పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవారు. పంతులుగారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు దొరికేవి. ఈ రెండు పండుగలలోనూ పిల్లవాడు చేసే పని ఒకటే. తనకు అంతగా తెలియని ఇంటి తలుపు తట్టి, అక్కడివారికి కనిపించి, పాట వినిపించి, పెట్టినది పుచ్చుకొని రావడం. మీలో ఎందరు ఇంతవరకు ఎదురు ఫ్లాట్ తలుపు తట్టారు? దసరాకు నాలుగు ఇళ్ళు తిరగడం దోహాలో కూడా సాధ్యమే. మూడేళ్ళ క్రితం ఒక్కసారి చేశాము. కారు పార్కింగు దొరకక మానుకున్నాము. కారణం ఇంత చిన్నది కావడం మనకు గౌరవం కాదు.

మన సమితిలో ఉన్న గొప్ప పాఠ్యాంశం ఏది అని ఎవరైనా అడిగితే నేను వడ్డన అంటాను. నవరాత్రులలో, శ్రీరామనవమికి పంక్తి వేసినప్పుడు యువకులకు బాలీలు, గరిటెలు అప్పగిస్తాము. మొదటి రోజు వచ్చిన పిల్లవాడు అన్నం ఒకేచోట కుమ్మరిస్తాడు. పచ్చడి పప్పులో పడుతుంది. రెండవ సంవత్సరానికి ఎక్కడ ఏది వేయాలో తెలుస్తుంది. మూడవ సంవత్సరానికి అసలు విద్య వస్తుంది. తినేవారి ముఖం చూడకుండా విస్తరి చూస్తూ నడవడం. ఎవరికి ఏది తక్కువైందో వారు అడగకముందే కనిపెట్టడం. మొహమాటపడేవారికి రెండోసారి అడిగి వడ్డించడం, వద్దన్న పెద్దవారిని బలవంతపెట్టకపోవడం. తాను చివరి పంక్తిలో కూర్చోవడం. 2022లో ఇక్కడ జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు 20 వేల మంది స్వచ్ఛంద సేవకులు పనిచేశారు. వారిలో మన సమితి యువకులూ ఉన్నారు. వేల మంది కొత్తవారికి దారి చూపుతూ పది గంటలు నిలబడడం కష్టమనిపించలేదా అని ఒక అబ్బాయిని అడిగితే, "పంక్తిలో వడ్డించినట్లే పెద్దనాన్నా, విస్తరి బదులు టికెట్ చూడాలి" అన్నాడు. నాకు ఆ జవాబు ఏ ప్రశంసాపత్రం కంటే ఎక్కువగా తోచింది.

ఇక అసలు బాధ చెప్పాలి. ఈ అబ్బాయి వంటివారు మా లెక్కలో చాలా తక్కువ. ఆరవ తరగతి, ఏడవ తరగతి పిల్లలు శుక్రవారం నిండుగా వస్తారు. తొమ్మిదవ తరగతి రాగానే మాయమవుతారు. బోర్డు పరీక్షలు, ప్రవేశ పరీక్షలు, కోచింగు. పన్నెండవ తరగతి పూర్తికాగానే విమానం ఎక్కి వెళ్ళిపోతారు. అంటే పద్నాలుగు నుండి పద్దెనిమిది వరకు, మనిషి నలుగురిలో తన స్థానం వెతుక్కొనే సరిగ్గా ఆ నాలుగేళ్ళు, మీరు పుస్తకంతోను, తెరతోను ఒక గదిలో గడుపుతున్నారు. మన ఊళ్ళలోని పిల్లలకు ఆ నాలుగేళ్ళ తరువాత కూడా అదే ఊరు ఉంటుంది. మీకు ఉండదు. మీ నివాసం మీ తండ్రి ఉద్యోగంతో ముడిపడి ఉన్నది. ఇక్కడ పుట్టిన మీకు ఇది శాశ్వతమైన ఊరు కాదు. వెళ్ళిన ప్రతి చోటా కొత్త నలుగురిని వెతుక్కోవలసినవారు మీరు. కనుక ఈ విద్య అందరికంటే మీకే ఎక్కువ అవసరం.

తల్లిదండ్రులను నిందించే అధికారం నాకు లేదు. నా కుమారుణ్ణి తొమ్మిదవ తరగతిలో శుక్రవారం తరగతికి మాన్పించినది నేనే. "రెండేళ్ళు పోనీ, తరువాత మళ్ళీ రావచ్చు" అన్నాను. తరువాత అన్నది రాలేదు. వారానికి మూడు గంటలు మిగిలాయి. ఆ మూడు గంటలూ వాడు చదివాడా అంటే, ఎక్కువ భాగం ఫోను చూశాడని వాడే తరువాత ఒప్పుకున్నాడు.

మరొక సంగతి కూడా దాచకుండా చెబుతాను. ఈ దేశంలో ఏడు లక్షలకు పైబడిన భారతీయులు ఉన్నారు. అందులో తెలుగువారిలో ఇంజనీర్లు, డాక్టర్లు, అకౌంటెంట్లు కొందరే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి వచ్చి, ఇండస్ట్రియల్ ఏరియా వసతి గదులలో ఉంటూ, భార్యాబిడ్డలను సంవత్సరాల తరబడి చూడకుండా పనిచేసేవారు ఎందరో ఉన్నారు. కొన్నేళ్ళ క్రితం మన ఉగాది ఉత్సవానికి కుర్చీలు వేయడానికి వచ్చిన వారిలో ఒక నడివయస్కుడు ఉన్నాడు. మన పిల్లలు అతనిని "భయ్యా, ఇధర్ రఖో" అంటున్నారు. అతడు చాలాసేపు ఊరుకొని, చివరకు "తెలుగుల చెప్పు బిడ్డా, నాకు సమజైతది" అన్నాడు. పిల్లలు నివ్వెరపోయారు. తమ భాష మాట్లాడేవాడు కుర్చీలు మోస్తాడని వారికి ఎన్నడూ తట్టలేదు.

అతనిది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఊళ్ళో చిరుతల రామాయణంలో వేషం కట్టినవాడు. కోలాటం వచ్చునా అని అడిగితే నవ్వి, రెండు కోలలు తీసుకొని నిలుచున్నాడు. ఆ సంవత్సరం నుండి శుక్రవారం సాయంకాలం అతడే మన పిల్లలకు గురువు. కోలాటం ఒక్కడు ఆడేది కాదు. ఎదుటివాని కోల మీద నీ కోల పడాలి. బలంగా కొడితే అతని వేలికి తగులుతుంది, మెల్లగా కొడితే తాళం తప్పుతుంది. జడకోపు వేసేటప్పుడు ఒకరు తప్పితే అందరూ చిక్కుపడతారు. తప్పినవారిని తిట్టకుండా మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టించేవాడు. మన పిల్లలు అతనిని మొదట సార్ అన్నారు, తరువాత మామ అన్నారు. అతని కుమార్తె పెళ్ళికి పిల్లలే తమలో తాము చందా వేసుకొని, మాకు ఆలస్యంగా చెప్పారు. ఆ సాయంకాలం తల్లిదండ్రులమైన మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆ ఆలోచన మాకు రాలేదు.

2020లో కరోనా వచ్చింది. అతని కంపెనీ పని ఆగింది. వందే భారత్ విమానంలో ఇంటికి వెళ్ళిపోయాడు. మన కోలాటం ఆనాటితో ఆగింది. నేర్చుకున్న పిల్లలు తొమ్మిదవ తరగతికి వచ్చారు, ఆ తరువాత సంగతి చెప్పాను. చిన్నవారికి నేర్పేవారు లేరు. కోలలు ఒక అట్టపెట్టెలో పడి ఉన్నాయి.

కార్యవర్గం ముందు ఇప్పుడు ఒక ప్రతిపాదన ఉన్నది. శుక్రవారం తరగతికి మార్కులు, పతకాలు, సర్టిఫికెట్లు పెడితే పెద్ద పిల్లలు వస్తారని కొందరి అభిప్రాయం. నేను విభేదిస్తున్నాను. బడిని అనుకరించే మరొక బడి మీకు అక్కరలేదు, బడులు మీకు కావలసినన్ని ఉన్నాయి. దానికి బదులు తొమ్మిది నుండి పన్నెండు వరకు చదివే పిల్లలను విద్యార్థుల జాబితా నుండి తీసివేసి, నడిపేవారి జాబితాలో చేర్చమని కోరుతున్నాను. శ్రీరామనవమి పంక్తి లెక్క మీరు చూడండి. బియ్యం ఎంత కావాలో మీరు లెక్క కట్టండి. తక్కువైతే తక్కువవుతుంది, ఒక పూట పులిహోరతో సరిపెట్టుకుంటాము. చిన్న పిల్లల కోలాటం బాధ్యత మీలో నలుగురు తీసుకోండి. ఎవరి ఇంట్లోనైనా మరణవార్త వస్తే, పెద్దలతో పాటు మీలో ఇద్దరు కూడా వచ్చి కూర్చోండి. పరీక్ష ఉంటే గంట కూర్చొని వెళ్ళండి. తల్లిదండ్రులారా, "వాడికి ఎందుకండీ ఇవన్నీ" అని గుమ్మం దగ్గరే ఆపవద్దు.

జగిత్యాలలో ఉన్న ఆ గురువుగారితో మొన్న ఫోనులో మాట్లాడాను. ఇప్పుడు సొంత ఊళ్ళో వ్యవసాయం చేసుకుంటున్నాడు. శుక్రవారం సాయంకాలం వీడియోలో చూస్తూ తప్పులు దిద్దుతానని ఒప్పుకున్నాడు. "పెద్ద పిల్లలు ఎదురుంగ ఉంటేనే, లేకుంటె ఫోన్ల కోలాటం రాదు" అని షరతు పెట్టాడు. వచ్చే శుక్రవారం నాలుగు గంటలకు మొదలు. కోలల అట్టపెట్టె నా కారు డిక్కీలో ఉన్నది. ఇరవై నాలుగు జతలు ఉండాలి, లెక్క చూస్తే ఇరవై ఒకటే ఉన్నాయి. తక్కిన మూడు జతలు మీలో ఎవరి ఇళ్ళలోనో మంచం కింద ఉండి ఉంటాయి. వెతికి తీసుకురండి. సభ ముగిసిన తరువాత పెట్టె పైకి మోయడానికి ఇద్దరు కావాలి.